నిజాయితీ గల టవర్

కరెంటు బోర్డు ఇంజనీరును ఆఫీసు పార్కింగులో కాల్చి చంపారు. అతను ఏజెంట్ మౌనికి సొంత తమ్ముడు. అంత్యక్రియల మర్నాడే మౌని డ్యూటీకి వచ్చాడు.

"సెలవు తీసుకోవయ్యా," అన్నాడు చీఫ్.

"ఇంట్లో ఏం చేయను సార్?"

చీఫ్ ఇక బ్రతిమాలలేదు. విషయం చెప్పాడు. ఆ మధ్యాహ్నం మూడింటికి నగరంలోని పెద్ద ఆఫీసు టవర్లన్నిటికీ కరెంటు బోర్డు నుంచి ఒక సిగ్నల్ వెళ్తుంది. అందగానే అవి ఏసీలు తగ్గించాలి. అవసరమైతే ఏ భవనం ఎంత కరెంటు వదులుకోగలదో కొలిచే పరీక్ష అది; ఎంత తగ్గిస్తే బిల్లులో అంత రాయితీ. ఒక విదేశీ ముఠా ఆ సిగ్నల్‌ను తిరగేయబోతోంది. తగ్గాల్సిన ఏసీలన్నీ ఒక్కసారే ఫుల్ లోడ్‌లో నడుస్తాయి. గ్రిడ్ కుప్పకూలుతుంది. ఆసుపత్రులకు కూడా కరెంటు ఉండదు. పరీక్ష ఆపినా ముఠా తన సిగ్నల్ తాను పంపగలదు. దాని ట్రాన్స్‌మిటర్ ఆ టవర్లలో ఒకదాని కరెంటు మీదే నడుస్తోంది. ఏ టవరో తెలియదు.

మౌని ఏసీ మెకానిక్ వేషంలో బోర్డు కంట్రోల్ రూముకు వెళ్లాడు. అక్కడ పట్టుచీరలో మెరిసిపోతున్న కన్సల్టెంట్‌ను కలిశాడు. ఆమె కోడ్ నేమ్ నెమలి. తమ మనిషే అని చీఫ్ చెప్పాడు గాని, చెప్పేటప్పుడు కిటికీ వైపు చూశాడు.

"చల్లగాలి ఎటు నుంచి?" అడిగింది ఆమె.

"పాత ఫ్యాన్ నుంచి."

కోడ్ సరిపోయింది. మౌని ఆమె కుర్చీ పక్కన కూర్చుని ఏసీ విప్పాడు. ఏసీ మీద ఒక చెయ్యి, ఆమె హ్యాండ్‌బ్యాగులో ఒక చెయ్యి.

మూడు కావస్తోంది. తెర మీద టవర్ల గ్రాఫులు పైకి పాకుతున్నాయి. కారణం అతనికి తెలుసు. ముందుగా వాడకం పెంచేస్తే తర్వాత ఎక్కువ తగ్గించినట్టు కనిపిస్తుంది, రాయితీ పెరుగుతుంది. మేనేజర్లందరూ చేసే పనే. "నిజం చూపించే టవర్ ఒక్కటి కనిపిస్తే వెళ్లి దండ వేసొస్తా అన్నయ్యా," అనేవాడు తమ్ముడు, అన్నం తింటూ.

ఒక్క గీత మాత్రం కదలలేదు.

ఆ రోజు తమ్ముడు ఈ టవర్‌కు దండ వేయడానికే బయల్దేరి ఉంటాడు.

మౌని లేచి ఆ టవర్ బ్రేకర్ స్విచ్ మీద చెయ్యి వేశాడు. వీపుకు పిస్టల్ తగిలింది.

"చెయ్యి తియ్యి. భయం లేదా నీకు?" అంది నెమలి.

మౌని ఆలోచించాడు. "రావడం లేదు," అన్నాడు.

ఆమె కాల్చింది. ఖాళీ చప్పుడు. తూటాలు అతని టూల్‌బాక్సులో ఉన్నాయి. మౌని స్విచ్ దించాడు. ఆఖరి సెకనులో ఆ గీత సున్నాకు పడింది. మిగతా గీతలన్నీ బుద్ధిగా కిందికి దిగాయి.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. ముఠా అంతా దొరికింది, తమ్ముణ్ని కాల్చినవాడితో సహా. ఆ టవరేనని ఎలా పట్టావని అడిగాడు.

"అన్నీ నేర్చుకుని వచ్చారు సార్," అన్నాడు మౌని. "మనలా దొంగలెక్క చూపించడం ఒక్కటే నేర్చుకోలేదు."