జవాబివ్వని పెట్టె

జవాబు రాలేదంటే ఏమనుకోవాలి? అడిగిన మాట చేరలేదనుకోవాలా, చేరినా వద్దనుకున్నారనుకోవాలా?

నాలుగేళ్లుగా కామాకి ఇదే సందేహం. ఒకసారి ఇదే ప్రశ్న దేవుడి మీద పెట్టి పిన్నిని అడిగాడు. "ఏమో నాయనా, నేను మాత్రం చేరిందనే అనుకుంటాను. చేరలేదనుకుంటే మర్నాడు మళ్లీ దణ్ణం పెట్టబుద్ధి కాదు" అందావిడ. దేవుడి సంగతి అలా తేలిపోయింది. కానీ కామా సందేహం దేవుడి గురించి కాదు. ఒకమ్మాయి గురించి.

కామా అనేది అసలు పేరు కాదు. అతను బాబాయి ప్రింటింగ్ ప్రెస్సులో పేజీలు కంపోజ్ చేస్తాడు. మాట్లాడేటప్పుడు వాక్యం మధ్యలో ఆగి ఆలోచిస్తాడు. ఫుల్‌స్టాప్ దాకా వెళ్లడం అరుదు. సాయంత్రం కంప్యూటర్ కోర్సులో పక్క కుర్చీ అమ్మాయి ఆ పేరు పెట్టింది. అది ఎలా పాకిందో ప్రెస్సు దాకా పాకింది. ఆరు నెలలు పక్కపక్కన కూర్చున్నారు. క్లాసయ్యాక కబుర్లు చెప్పుకుంటూ బస్టాపు దాకా నడిచేవాళ్లు. కోర్సు ముగిసిన మర్నాడు అతను ఆమెకి ఒక మెసేజ్ పంపాడు.

"క్లాసులు అయిపోయాయి. అయినా బస్టాపు దాకా నీతో నడవొచ్చా?"

జవాబు రాలేదు. మళ్లీ అడగడానికి మొహం చెల్లలేదు. నాలుగేళ్లు గడిచాయి.

ఇంతలో ప్రెస్సుకి ఒక ఆపద వచ్చింది. బయటివాడెవడో ఇంటర్నెట్ గుండా లోపలికి దూరి, అచ్చుకి సిద్ధంగా ఉన్న మూడు వందల పేజీల పుస్తకం ఫైళ్లకి తెరుచుకోకుండా తాళం వేసి పోయాడు. కామా అదంతా మళ్లీ మొదటినుంచి కంపోజ్ చేస్తూ కూర్చున్నాడు. బాబాయి ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేసి, అడ్డంగా నిలబడే ఫైర్‌వాల్ పెట్టె ధర ఎంతని అడిగాడు. విన్నాక కుర్చీ వెతుక్కున్నాడు.

"పాత కంప్యూటర్ ఏదైనా పడుందా సార్?" అన్నారు అవతల. "దాంట్లో లినక్స్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ వేసి కాపలా కూర్చోబెడతాం. మా మనిషిని పంపిస్తాం."

ఆ మనిషి భుజాన మడత నిచ్చెనతో వచ్చింది. కామా చేతిలో కాగితాలు చేతిలోనే ఉండిపోయాయి. పక్క కుర్చీ అమ్మాయి.

"ఇక్కడ కంప్యూటర్లు చూసేది మీరేనా అండీ?" అందామె.

మీరు. పైగా అండీ.

"నేను, అంటే, మామూలుగా, నేనే..."

"అయితే ఆ పాతది చూపించండి."

నిన్నటిదాకా కామాకి ఒకటే సందేహం. ఇప్పుడు రెండు. ఈమె తనని మర్చిపోయిందా? గుర్తుండే దూరం పెట్టిందా?

పాత కంప్యూటర్ మెట్ల కింద కాగితం కట్టల వెనక ఉంది. దుమ్ము దులిపి స్విచ్ వేస్తే మూడుసార్లు కీచుమని ఊరుకుంది. ఆమె మూత విప్పి, లోపలి మెమరీ పలక బయటికి లాగింది.

"రబ్బరుందా?"

కామా పెన్సిల్ రబ్బరు ఇచ్చాడు. పలక అంచున బంగారు రంగు పళ్లుంటే, వాటిని ఒక్కొక్కటే ఓపిగ్గా రుద్దింది.

బాబాయి వంగి చూశాడు. "దానికి పళ్లు తోముతున్నావా అమ్మా?"

"పదేళ్లుగా తోముకోలేదు బాబాయిగారూ. అందుకే నోరు తెరవట్లేదు."

వచ్చి పావుగంట కాలేదు, బాబాయి ఆమెకీ బాబాయి అయిపోయాడు. తను మాత్రం అండీ దగ్గరే ఆగిపోయాడు. ఈ లెక్క ఏ కోర్సులోనూ చెప్పరు.

పలక తిరిగి పెట్టగానే యంత్రం మేలుకుంది. మధ్యాహ్నానికి లినక్స్ ఎక్కింది. ఆమె దాని వెనక రెండు వైర్లు గుచ్చింది. ఒకటి బయటి ఇంటర్నెట్‌ది, ఒకటి ప్రెస్సు కంప్యూటర్లది.

"ఇది మన వాకిలి గది బాబాయిగారూ. వచ్చేవాడు వచ్చినా పోయేవాడు పోయినా దీని ముందు నుంచే. ఎవర్ని వదలాలో ఎవర్ని ఆపాలో రేపు వరసగా రూల్స్ రాస్తాను."

"ఆపినవాణ్ణి ఏం చేస్తుంది?" అన్నాడు బాబాయి.

"రెండు పద్ధతులున్నాయి. రిజెక్ట్ అంటే, కుదరదని చెప్పి పంపెయ్యడం. డ్రాప్ అంటే, అసలు పలక్కపోవడం. తట్టినవాడికి లోపల మనుషులున్నారో లేరో కూడా తెలియదు. నేను డ్రాపే పెడతాను."

"పలక్కపోవడం మర్యాదా అండీ?" అన్నాడు కామా. అది తన గొంతేనా అని తనకే అనుమానం వచ్చింది.

ఆమె స్క్రూడ్రైవర్ తిప్పుతూనే ఉంది. "దొంగకి మర్యాదేమిటండీ?"

"తట్టిన ప్రతివాడూ దొంగేనా? కాదు అని ఒక్క ముక్క చెబితే పోయేదేముంది?"

"చెబితే లోపల మనిషున్నట్టు తెలిసిపోతుంది. మళ్లీ తడతాడు."

"తట్టడు. కాదంటే వెళ్లిపోతాడు. పలక్కపోతేనే గుమ్మంలో నిలబడి ఉంటాడు."

"ఎన్నాళ్లు నిలబడతాడు?"

"నాలుగేళ్లు."

స్క్రూడ్రైవర్ ఆగింది.

బాబాయి ఇద్దరి మొహాలూ చూశాడు. "నాలుగేళ్లు నిలబడే దొంగ ఉంటాడట్రా ఎక్కడైనా? వాడి ఇంట్లోవాళ్లు వెతుక్కోరూ?"

ఆమె మూత బిగించేసి లేచింది. "ఇక దీనికి మానిటరూ కీబోర్డూ అక్కర్లేదు. రేపు మా ఆఫీసులో కూర్చుని ఇంటర్నెట్ గుండానే రూల్స్ రాస్తాను. మీరు ఫోన్లో ఉండి ఇక్కడ ఎలా ఉందో చెప్పండి చాలు." నిచ్చెన భుజానికెత్తుకుని వెళ్లిపోయింది. వెనక్కి చూడలేదు. చూడకుండా ఉండడానికి కాస్త కష్టపడినట్టు మాత్రం అనిపించింది కామాకి. అలా అనిపించడం తన ఆశేమో అని కూడా అనిపించింది.

ఆ పూట పుస్తకంలో ఒకే పేజీని రెండుసార్లు కంపోజ్ చేశాడు. ప్రూఫులు దిద్దే పిన్ని అది చూసి, "ఈ రచయిత చెప్పిందే చెబుతున్నాడా, లేక నీకేదైనా అయిందా?" అంది.

మర్నాడు పదకొండింటికి ఫోన్ మోగింది. బయట మబ్బు కమ్మింది.

"ఇంటర్నెట్ వస్తోందా అండీ?"

"వస్తోందండి."

"మెయిల్?"

"వస్తోందండి."

అవతల కీబోర్డు చప్పుడు. కాసేపటికి అది కూడా ఆగింది. "నిన్న మీరు నాలుగేళ్లన్నారు. అది... ఊరికే అన్నారా?"

"అంటే, అది, ఊరికే కాదు, కానీ..."

అతను తర్వాతి మాట వెతుక్కునేలోగా మళ్లీ కీబోర్డు టకటకలాడింది.

"అయ్యో," అందామె మెల్లగా. "నువ్వేమీ ముట్టుకోకు."

నువ్వు. కామా కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "ఏమైంది?"

"ముందు నన్ను లోపలికి రానిమ్మని రాసి, ఆ తర్వాత అన్ని తలుపులూ మూసెయ్యాలి. నేను ముందే మూసేశాను. నన్ను నేనే బయట పెట్టుకుని గడియ వేసుకున్నాను. నాకిక పలకదు. ఎవరికీ పలకదు."

నిజమే, ప్రెస్సు మొత్తం ఇంటర్నెట్ పోయింది. అయిదింటిలోపు రచయితకి పేజీలు పంపాలని బాబాయి తల పట్టుకున్నాడు. కామా ఒక్కడికే ఆమె ఇప్పుడు స్వయంగా రావాలి కదా అని లోపల సంతోషం. ఒకరి కష్టంలో సంతోషపడుతున్నందుకు క్షమించమని దేవుణ్ణి అడిగాడు. అడుగుతూనే తన మానిటర్ విప్పి మెట్ల కిందికి మోసుకెళ్లాడు.

వాన ఎవరితోనో పనున్నట్టు తొందరగా దిగింది. ఆమె స్కూటర్ వదిలేసి బస్సులో వచ్చింది. తను తడిసి ముద్దయింది గానీ, కీబోర్డుని మాత్రం ప్లాస్టిక్ సంచిలో పసిబిడ్డలా పొదువుకుని తెచ్చింది. మెట్ల కింద కుర్చీ పట్టదు. చెరో కాగితం కట్ట మీద కూర్చున్నారు.

"ఇది కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే తప్పు," అంది జుట్టు పిండుకుంటూ. "మా ఆఫీసులో తెలిస్తే నెల్లాళ్లు నవ్వుతారు."

"మరెందుకు చేశావు?"

"నీవల్లే. పని మధ్యలో మాట్లాడించావు."

"మాట్లాడింది నువ్వు కదా?"

"నువ్వు జవాబు చెప్పుంటే నా చేతులు కీబోర్డు మీదికి పోయేవి కావు." అంటూనే నవ్వాపుకుని తెర వైపు తిరిగింది. ముందు తనకి దారి, తర్వాత ప్రెస్సు కంప్యూటర్లకి దారి, ఆఖర్న మిగతావాళ్లకి గడియ. ఈసారి ఒక్కో లైనూ పైకి చదువుతూ రాసింది. ఇంటర్నెట్ వచ్చింది. పై నుంచి బాబాయి "పేజీలు పోతున్నాయి" అని కేకేశాడు.

ఆ వెనకే పిన్ని గొంతు. "ఒరే, నా భక్తి రేడియో పెడితే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. పది నిమిషాలైంది. రాదంటే రాదని చెప్పొచ్చుగా. ఇలా తిప్పుతూ కూర్చోబెట్టడమెందుకు మనిషిని?"

ఆమె చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"ఆవిడ రేడియోకి దారి ఇవ్వలేదు నేను," అంది. "ఇవ్వకపోగా లోపలివాళ్లకి కూడా డ్రాప్ పెట్టాను. అందుకే ఆ చక్రం. అలా పెట్టకూడదని నేర్పిన రోజే చెప్పారు. బయటివాడు దొంగ కావచ్చు, పలక్కపోయినా తప్పులేదు. లోపలివాళ్లు మనవాళ్లు. వాళ్లడిగింది కుదరకపోతే కుదరదని వెంటనే చెప్పాలి."

కామా ఆమె వైపు తిరిగాడు. ఎప్పుడూ లేనిది, మధ్యలో ఆగకుండా అడిగాడు. "మరి నేను లోపలివాణ్ణా బయటివాణ్ణా?"

ఆమె కీబోర్డు మీంచి చేతులు తీసింది.

"ఆ రోజు నాకు తెలియలేదు. అదే గొడవ. నీ మెసేజ్ చేరింది. పదిసార్లు చదివాను. కాదనాలని లేదు. అవునంటే ఆ తర్వాత ఏమవుతుందోనని భయం. రేపు చెబుదామనుకున్నాను. రేపు కాస్తా నెలయింది. నెల తర్వాత చెబితే ఇన్నాళ్లూ ఏం చేశావంటావు. ఏడాది తర్వాత మరీ సిగ్గు. అలా పెరిగిపోయింది."

"నేను కాదన్నావనుకున్నాను. మర్నాడు, చేరలేదేమో అనుకున్నాను. మళ్లీ కాదన్నావనుకున్నాను."

"నాలుగేళ్లూ అలాగేనా?"

"ఆదివారాలు కాస్త తక్కువ."

ఆమె ఈసారి నవ్వు ఆపుకోలేదు. "పని కాగితంలో మీ బాబాయి ప్రెస్సు పేరు చూశాను. ఇంకొకరు వెళ్తానన్నారు. నేనే తీసుకున్నాను."

"మరి ఆ మీరు, అండీ ఏమిటి?"

"నువ్వు స్తంభంలా నిలబడ్డావు. పలకరిస్తే ఎవరండీ మీరు అంటావేమోనని, ముందు నేనే అనేశాను."

"నేను, అంటే, నిన్ను చూసి..."

"కామా," అందామె. నాలుగేళ్ల తర్వాత ఆ గొంతులో ఆ పేరు.

ఆమె రూల్ మార్చింది, పిన్ని రేడియోకి దారి కూడా రాసింది. పైన సన్నగా పాట మొదలైంది. "హమ్మయ్య, చల్లగా ఉండమ్మా నిచ్చెనమ్మాయీ," అంది పిన్ని. ఆవిడ మెట్ల మలుపు దగ్గరే నిలబడి ఉందని, ఎప్పట్నించో ఉందని అప్పుడే తెలిసింది. "ఒరే, ఆ మానిటర్ తర్వాత సర్దుకుందువులే. వాన తగ్గింది, అమ్మాయి బస్సుకి పోవాలి," అని కామా భుజం తట్టి పైకి వెళ్లిపోయింది.

ఆమె కీబోర్డు సంచిలో పెట్టుకుంది. గుమ్మం దాకా వచ్చి, తడి చెప్పుల్లో కాళ్లు దూర్చి, నిలబడిపోయింది.

కామా వెనకే వచ్చాడు. "మళ్లీ అడగనా?"

"వద్దు. మళ్లీ అడిగితే అది కొత్త ప్రశ్న అవుతుంది. నేను బాకీ ఉన్నది పాతదానికి." ఒకసారి ఊపిరి పీల్చుకుని అతని మొహంలోకి చూసింది. "నడవొచ్చు. బస్టాపు దాకా."

బాబాయి కిటికీలోంచి తల బయట పెట్టాడు. "బస్టాపు ఎదురుగానే ఉంది కదమ్మా. దానికి వీడు తోడెందుకు?"

"ఆ తర్వాతి బస్టాపు బాబాయిగారూ," అంది ఆమె, అప్పటికే నడుస్తూ.