దిగుడుబావి మాస్టారు

రత్నమణికి కోపం జగ్గయ్యపేటలో బస్సు దిగకముందే వచ్చింది. నందిగామలో ఎక్కినప్పటి నుంచీ సంఘం వారి రిపోర్టు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, అందులో ఏం రాయాలో మనసులో అనుకుంటూనే ఉంది.

సంఘమంటే మిషను హాస్టళ్ళలో చదువుకుని ఉద్యోగాల్లో కుదురుకున్న పాత విద్యార్థుల సంఘం. ఏటా ఒకరిని ఒక్కో హాస్టలుకు పంపి, పిల్లల క్షేమం చూసి సలహా చెప్పిస్తుంది. రత్నమణి నర్సు కనుక ఈ మగపిల్లల హాస్టలు ఆమె వంతుకొచ్చింది. నిరుడు, అంటే యాభై ఏడులో, దిగుడుబావి మెట్ల నిండా నాచు చూసి హడలిపోయి, పిల్లల్ని మెట్లు దిగనివ్వొద్దని మరీమరీ చెప్పి వెళ్ళింది. ఇప్పుడేమో ఐదుగురు పిల్లల కాళ్ళకి నారికురుపులు లేచాయని కబురు.

కురుపున్న మనిషి ఎవరో నిరుడు ఆ నీళ్ళలో కాలు పెట్టాడు. ఆ కురుపులోంచి పురుగు పిల్లలు బావిలో చేరాయి. ఆ నీళ్ళు వడగట్టకుండా తాగినవాళ్ళకి ఏడాది తిరిగేసరికి ఇదీ ఫలితం. దిగనివ్వొద్దని చెప్పినా వినలేదన్నమాట.

వార్డెను స్తెఫను మాస్టారు వరండాలో బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఆమె ఎదురుగా వచ్చి నిలబడినా కుర్చీలోంచి కదల్లేదు. పాతికేళ్ళ వయసు, పెద్ద కళ్ళు, పైగా ఇంత పొగరు. లేచి నిలబడితే ఈ మహానుభావుడి సొమ్మేం పోతుందో ఆమెకి అర్థం కాలేదు.

ఆమె దులిపేసింది. నీళ్ళు వడగట్టే గుడ్డ ఏదని, పిల్లల్ని బావిలోకి ఎవరు పంపారని, చదువుకున్నవాళ్ళకి ఆ మాత్రం తెలీదా అని అడిగింది. అతను తలొంచుకుని విన్నాడు. ఈ హాస్టలు మూసెయ్యమని రాస్తానని ఆమె పుస్తకం తెరిచినప్పుడు మాత్రం తలెత్తాడు.

“రాయండి సిస్టరుగారూ. వీళ్ళ నాన్నలు కూలికెళ్తున్నారు. రేపట్నుంచి వీళ్ళూ వెళ్తారు. మీ సంఘానికి ఇక ఏ బెంగా ఉండదు.”

అతనిదీ తనలాంటి కోపమేనని ఆమెకి తెలుసు. ముప్ఫయి మంది పిల్లల చదువు తన కలం మొనమీద ఉందని తెలిసీ ఆమె మూత తీసింది.

వంటమనిషి సౌభాగ్యమ్మ ఇక ఓర్చుకోలేకపోయింది. చేతిలో గరిటెతోనే వంటింట్లోంచి వచ్చి, పిల్లలెవరూ మెట్లు తొక్కలేదని చెప్పింది. సిస్టరుగారు వద్దన్నారు కదా అని నిరుడు ఆ రోజు నుంచే మాస్టారు రోజుకి ఇరవై బిందెలు తనే మోస్తున్నాడట. నిరుడు కాలికి కురుపు లేచినా గుడ్డ చుట్టుకుని దిగాడట, ఒక్క పూటా మానలేదట.

“మళ్ళీ లేచిందమ్మా ఈ నెల్లో. ఆ బల్ల కింద చూడు, నీకే తెలుస్తుంది.”

రత్నమణి వంగి చూసింది. చీలమండ పుండుపడి, చుట్టిన గుడ్డ తడిసిపోయి ఉంది.

ఆ కాలితో లేచి నిలబడటం ఎవరికైనా నరకమే. పిల్లలకి అంటించింది ఈ కాలే. ఈ కాలిని నీళ్ళలోకి దింపింది తన సలహాయే. జారిపడతారని చెప్పింది కానీ, కురుపున్నవాళ్ళు దిగకూడదని, నీళ్ళు వడగట్టాలని ఒక్క ముక్క చెప్పిందా? ఆమెకి తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది.

“నాకెందుకు చెప్పలేదండీ? నర్సుననే కదా నన్ను పంపింది.”

“వార్డెనుకే కురుపని తెలిస్తే హాస్టలు మూసేస్తారని భయపడ్డా.”

ఆమె అక్కడే నేలమీద కూర్చుని పుస్తకంలో రాసింది. నిరుడిచ్చిన సలహా సగం సలహా అని, ఇచ్చింది తనేనని, మెట్లు మూయించి బావికి గిలక పెట్టించాలని రాసి సంతకం చేసింది. తర్వాత అతని కాలు ముందుకు లాక్కుంది.

నారిపురుగుని ఒక్కసారిగా లాగకూడదు, తెగుతుంది. చిన్న పుల్లకి రోజుకింత చుట్టాలి. పదిహేను రోజులు సాయంత్రం బస్సుకి వచ్చి, పిల్లలకీ అతనికీ ఆమే చుట్టింది. రోజూ తిట్టింది. అతను రోజూ ముందే కాలు కడుక్కుని, ఆమెకి పీట వేసి ఉంచేవాడు. ఈలోగా సంఘం గిలక పంపింది.

పదహారో రోజున పురుగు మొత్తం వచ్చేసింది. ఆమె సంచి సర్దుకుంటూ కూడా చిరచిరలాడుతూనే ఉంది.

“ఇక రారాండీ?” అన్నాడతను.

“పురుగుంటేనే రావాలా?”

“లేకపోయినా రమ్మని అడిగే ధైర్యం లేకపోయింది.”

“బావిలో దిగడానికి మాత్రం వచ్చింది ఎక్కళ్ళేని ధైర్యం. ఇలాంటి మాటలు మా నాన్ననడగాలి, నన్ను కాదు.” ఆమె వరండా మెట్టు దిగి, కళ్ళు తుడుచుకుని వెనక్కి తిరిగింది. “ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక నాన్న ఇంట్లోనే ఉంటారు. ఆయన రాగానే లేచి నిలబడండి. నాకు చేసినట్టు చెయ్యకండి.”

స్తెఫను అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు.