ఏడో మెట్టు, అర సెకను

ఆ నాటకాల హాలు వెనక మెట్లకి మంచి పేరు లేదు.

మొత్తం పధ్నాలుగు మెట్లు. కింద దుస్తుల గది, పైన స్టేజీ పక్క తలుపు. పగలంతా ఎక్కేవాళ్లు ఎక్కుతారు, దిగేవాళ్లు దిగుతారు. చీకటి పడ్డాక మాత్రం ఏడో మెట్టు మీద ఎవరూ కాలు పెట్టరు — ఆరు నుంచి ఎనిమిదికి ఒకటే అంగ. మోకాళ్ల నొప్పులున్న హీరో కూడా అక్కడికొచ్చేసరికి కుర్రాడైపోతాడు.

ఎప్పుడో, దుస్తులు కుట్టే ఒక పెద్దావిడ స్టేజీ మీంచి వచ్చే పిలుపు కోసం కాచుకుని ఆ మెట్టు మీద కూచుందట. శాలువా కప్పుకుని, ఇనప రెయిలింగ్ మీద చెయ్యి వేసి. ఆ రోజు మూడు ఆటలు. నటులు పక్కనుంచే ఎక్కారు, దిగారు. "కాస్త జరుగమ్మా" అని విసుక్కున్నారు కూడా. ఆఖరి ఆట అయ్యాక ఎవరో భుజం తట్టారు... అప్పుడు తెలిసింది, ఆవిడ మొదటి ఆటప్పుడే పోయిందని.

అంత కదలకుండా కూచుంది మరి.

మెరుపు మావయ్యకి ఈ కథ తెలీదా అంటే, తెలుసు. ఇరవయ్యేళ్లుగా ఆ హాలుకి ఫోటోగ్రాఫర్ ఆయనే. ఫ్లాష్ కొట్టి కొట్టి ఆ పేరు పడింది. కానీ దెయ్యాన్ని మించిన భయం ఒకటి ఆయనకి వేరే ఉంది — తన కుడిచెయ్యి. ఆర్నెల్లుగా అది వణుకుతోంది. కట్టుకున్న భార్యకి కూడా చెప్పలేదు. టీ సగం గ్లాసే పోయించుకునేవాడు. అడిగితే "తగ్గించాన్లేవే" అనేవాడు.

ఫ్లాష్ ఉన్నన్నాళ్లూ గుట్టు దాగింది. ఆ మెరుపు మెరిసి ఆరేలోపు చెయ్యి ఎంత వణికినా ఫోటోకి తెలీదు. పోయిన నెల ఆ వెలుగుకి కళ్లు బైర్లు కమ్మి ఒక నటుడు స్టేజీ మీంచి పడ్డాడు. దాంతో మేనేజరు ఫ్లాష్ వద్దన్నాడు. స్టాండ్ పెడితే ప్రేక్షకులకి అడ్డం, అదీ వద్దన్నాడు.

"రేపటి ఆట ఉత్త చేత్తో తీసి చూపించండి. ఫోటోలు చెదిరాయా, ఇంకెవర్నైనా చూసుకుంటాం. ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోకుండా ఎలా ఉంటాడు?

పాత కెమెరాల షాపు ముసలాయన రెండు వస్తువులు ముందు పెట్టాడు. చేతిలో ఉన్న డబ్బుకి ఏదో ఒకటే వస్తుంది. ఒకటి, పెద్ద కన్నున్న లెన్స్. తన పాత కెమెరాకే తగిలించుకోవచ్చు, చీకట్లో కూడా దొరికిన వెలుతురంతా తాగేస్తుంది. రెండోది, చేతి వణుకుని లోపల్లోపలే సర్దుకునే కెమెరా. దానితో వచ్చే లెన్స్ మాత్రం అంతంత మాత్రం.

"లెన్స్ తీసుకో నాయనా," అన్నాడు ముసలాయన. "ఆ కెమెరా నీ చేతిని పట్టుకుంటుంది గానీ, స్టేజీ మీద గెంతేవాళ్లని పట్టుకోదు. చీకట్లో దాని షట్టరు అర సెకను తెరిచి ఉంచాలి. గోడలు బ్రహ్మాండంగా వస్తాయి, మనుషులు అలికినట్టు వస్తారు."

"ఆయన చెప్పినట్టు వినండీ," అంది వెంట వచ్చిన భార్య. ఆ హాల్లోనే టికెట్ల కౌంటర్ ఆవిడది.

మెరుపు మావయ్య చెవికి ఒక్క ముక్కే ఎక్కింది — నీ చేతిని పట్టుకుంటుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, చెయ్యి చటుక్కున జేబులో పెట్టేసుకున్నాడు. ఆ కెమెరానే కొన్నాడు. భార్య దారి పొడుగునా మూతి ముడుచుకునే ఉంది.

ఆ రాత్రి ఆట అయిపోయింది. హాలు ఖాళీ అయింది. "కౌంటర్ మూసి వస్తాను, మీ కొత్త కెమెరా ప్రయోగానికి నేనే కూచుంటాలెండి," అంది భార్య శాలువా కప్పుకుంటూ, ముభావంగా.

వెనక మెట్లకన్నా చీకటి చోటు ఆ హాల్లో లేదు. అక్కడ గట్టెక్కితే స్టేజీ మీద దిగుల్లేదు. కింద నిలబడి కెమెరా సర్దుకున్నాడు. పైన ఒకటే బల్బు... గుడ్డిగా.

అడుగుల చప్పుడు కాలేదు. తలెత్తేసరికి —

ఏడో మెట్టు మీద కూచుని ఉంది. శాలువా కప్పుకుని. రెయిలింగ్ మీద చెయ్యి వేసి.

"అక్కడే కూచున్నావా! నీ ధైర్యానికో దండం," అన్నాడు గుసగుసగా.

మాట లేదు. ఇంకా అలక తీరలేదనుకున్నాడు.

"కదలకు మరి..."

కదల్లేదు.

క్లిక్... అర సెకను... క్లిక్.

తెర మీద చూశాడు. రెయిలింగ్ తుప్పు, శాలువా అంచు కుట్లు, ముసుగు చాటున సగమే కనబడే చెంప మీద పడ్డ ఒక్క తెల్ల వెంట్రుక... ఏదీ చెదరలేదు. ఇంకోటి తీశాడు. ఇంకోటి. అన్నీ రాతిమీద చెక్కినట్టు ఉన్నాయి.

కళ్లు తుడుచుకున్నాడు. ఆర్నెల్లుగా మోస్తున్న బరువు అప్పుడు దించాడు.

"ఏమే... నీ దగ్గర ఒకటి దాచాను. నా చెయ్యి వణుకుతోంది. పని పోతుందన్న భయం ఒకటి... నువ్వు జాలిగా చూస్తావేమోనని ఇంకొకటి. ఈ చెయ్యి లేకపోతే నేనెవర్నే?"

ఆమె మెల్లిగా తల వంచింది. విన్నదన్నమాట. అలా వంచిన తల చూసి ఇంకొకటి తీశాడు. ఆఖరిది.

"ఎవరితోనండీ మాటలు?"

గొంతు వెనకనుంచి వచ్చింది. దుస్తుల గది గుమ్మంలోంచి. శాలువా కప్పుకుని, చేతిలో తాళాల గుత్తితో — భార్య.

మెరుపు మావయ్య మెల్లిగా మళ్లీ మెట్లవైపు తిరిగి చూశాడు.

ఏడో మెట్టు ఖాళీ.

"కౌంటర్ తాళం బిగుసుకుపోయింది, అందుకే ఆలస్యం," అంటూ ఆవిడ దగ్గరికొచ్చింది. గొంతు తగ్గించింది. "విన్నాను లెండి. సగం గ్లాసు టీ అడిగిన రోజే అనుకున్నాను. మీ అంతట మీరే చెప్తారని ఊరుకున్నాను."

"అక్కడే నిలబడు... కదలకు," అన్నాడు.

ఆవిడ ఊపిరి బిగబట్టి మరీ నిలబడింది. క్లిక్. గుమ్మం గీత గీసినట్టు వచ్చింది. ఆవిడ మొహం మాత్రం తడిగుడ్డతో తుడిచినట్టు అలికిపోయింది. ముసలాయన చెప్పిన మాట అప్పుడు ఒళ్లంతా పాకింది. బతికున్న మనిషి అర సెకను కూడా రాయిలా ఉండలేదు.

భార్య కెమెరా అందుకుని అంతకుముందు తీసిన ఫోటోలు చూసింది.

"ఈవిడెవరండీ..."

ఆవిడ ఒక్కొక్కటీ జరిపి, ఆఖరి దాని దగ్గర ఆగింది.

"ఇదొక్కటి వేరేగా ఉంది... చూడండి."

మెట్టు చెదరలేదు. శాలువా చెదరలేదు. వంచిన తల చెదరలేదు. రెయిలింగ్ మీది కుడిచెయ్యి ఒక్కటే పొగలా అలుక్కుపోయి ఉంది.

"ఈవిడ చెయ్యి వణుకుతోంది," అంది భార్య.

మెరుపు మావయ్య తన కుడిచెయ్యి ఎత్తి బల్బు వెలుతుర్లో పట్టుకున్నాడు. అలాగే చూస్తూ నిలబడ్డాడు...

వణకడం లేదు.

మర్నాడు పొద్దున్నే కెమెరా వెనక్కిచ్చేసి లెన్స్ తెచ్చుకున్నాడు. "చెప్పానా!" అన్నాడు ముసలాయన. ఆట ఫోటోలు అద్దంలా వచ్చాయి, మేనేజరు మారు మాట్లాడలేదు. మావయ్య ఇప్పుడు టీ నిండు గ్లాసే తాగుతున్నాడు. చుక్క తొణకదు. కానీ గ్లాసు పెదాల దాకా వచ్చాక ఒక్క క్షణం ఆగుతాడు.

హాల్లో వాళ్లు మాత్రం ఈమధ్య కొత్త మాట ఒకటి చెబుతున్నారు. ఆట అయిపోయి అందరూ వెళ్లాక, ఏడో మెట్టు పక్కన ఆ ఇనప రెయిలింగ్ ఉందే... ఎవరూ ముట్టుకోకపోయినా, సన్నగా అదురుతూనే ఉంటుందట. తెల్లారేదాకా.