మైలుతుత్తం పొర కట్టేదాకా

మానుకోట చివర ఉన్న ఆ డిగ్రీ కాలేజీలో మొదటి ఏడాది పిల్లలకు ఆరోజు మైలుతుత్తం తయారీ. నల్లటి కాపర్ ఆక్సైడ్‌ను పలుచటి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేసి వేడిచేస్తే నీలంగా కరుగుతుంది. వడగట్టి, చిక్కబరిచి, చల్లారిస్తే స్ఫటికాలు కడతాయి. అందరికీ కట్టాయి. మోతీ గిన్నెలో మాత్రం ఇంకా నీలినీళ్లే.

"జర చిక్కబడనియ్యి. అయినంక బిక్షపతికి చెప్పి పో," అని శశికళ మేడం వెళ్లిపోయింది. హాస్టల్‌లో మోతీ గదిలోనే ఉండే అక్షయ, ఆమె బ్యాగు కూడా తనే పట్టుకుని బయల్దేరింది. ఫోన్ అందులోనే ఉంది.

మోతీది తండా. వాళ్లింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి పిల్ల. పని సగంలో వదిలేయడం ఆమెకు చేతకాదు.

బయట ముసురు పట్టింది. పొద్దు గూకకముందే ల్యాబ్ మసకబారింది. కరెంటు పోయింది. స్పిరిట్ వాసన, తడిసిన గోడల వాసన. గిన్నె అంచున సన్నటి పొర కట్టడం చూసి మోతీ దాని కింది స్పిరిట్ దీపం ఆర్పింది.

అప్పుడే తలుపు మూసుకుంది. బయట గొళ్లెం పడింది. తాళం...

"అన్నా! నేనున్న లోపల!"

ఉరికి తలుపు బాదింది. కిటికీలన్నిటికీ ఇనుప చువ్వలు. వేరే దారి లేదు.

"ఎవరది?" అటెండర్ బిక్షపతి గొంతు.

"మోతీని అన్నా. తాళం తియ్యి."

అవతల తాళంచెవులు గలగలలాడి ఆగాయి.

"మోతీ ఇందాకనే పాయె గదా," అన్నాడు మెల్లగా. "అందరం వచ్చినం, తాళం వెయ్యన్నా అని చెప్పిందే ఆమె."

మోతీ మళ్లీ తలుపు బాదింది. "నేనెప్పుడు చెప్పిన? అక్షయకు ఫోన్ చెయ్యన్నా, నంబర్ చెప్త..."

తలుపు అవతల నుంచి అక్షయ గొంతు స్పీకర్‌లో వినబడింది.

"మోతీనా? ఇగో, నా పక్కనే తల తుడుచుకుంటున్నది. ఫోన్ ఇయ్యాల్నా?"

ఆ తర్వాత వచ్చిన గొంతు... మోతీదే. తండా యాస, మాట చివర సాగదీత... అన్నీ ఆమెవే.

"బిక్షపతన్నా... ఆ తలుపు తియ్యకు."

తాళంచెవులు కింద పడ్డాయి. అడుగులు వరండా వెంట ఉరికాయి... దూరమయ్యాయి... ఇక వినబడలేదు.

మోతీ తలుపుకు వీపు ఆనించి కూలబడింది.

చివరి బల్ల వెనక చీకట్లో ఎవరో ముక్కు ఎగబీల్చారు. ఆడపిల్ల. ఏడ్చి ఏడ్చి అలసిన గొంతు...

"నిన్ను గూడ గిట్లనే లోపల పెట్టి, నీ లెక్కనే బయటికి పోయిందా, అక్కా?"