నాలుగు కుర్చీల ఆట

"ఈ పుస్తకం రాసిన మహానుభావుడు ఎవరండీ?"

తెనాలిలో ఇర్షాద్ భాయ్ ప్రింటింగ్ ప్రెస్ గుమ్మంలో నిలబడి ఓ అమ్మాయి అడిగింది. బయట వాన దంచి కొడుతోంది. వచ్చినామె గొడుగైతే మడిచి మూలన పెట్టింది గానీ కోపం మడవలేదు.

లోపల పెళ్ళికార్డు కంపోజ్ చేస్తున్న ఎజ్రా తలెత్తలేదు. మెచ్చుకోవడానికి వచ్చినవాళ్ళు ఆ గొంతుతో అడగరని అతనికి తెలుసు.

"వీడేనమ్మా," అని ఇర్షాద్ భాయ్ వేలెత్తి మరీ చూపించాడు. స్నేహితుడంటే అలా ఉండాలి.

"నా పేరు హెప్సిబా. బాపట్లలో లెక్కల టీచర్ని. మొన్నాదివారం మా చర్చి యూత్ అమ్మాయిలం కూర్చుని మీ 'వంతెన కింద రాక్షసుడు' ఆడామండి. సాయంత్రమంతా ఆడదామని మిరపకాయ బజ్జీలు కూడా తెచ్చుకున్నాం. బజ్జీలు చల్లారకముందే రాక్షసుడు పోయాడు."

"పోవడమేంటండీ?"

"పోవడమే. ఏ పాచిక వేసినా దెబ్బ తగులుతోంది. మావాళ్ళు జాలిపడి ప్రార్థన కూడా చేశారు."

బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట అది. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. కత్తి దూసినా, తాళం పగలగొట్టినా, ఏం జరిగిందో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఎజ్రా దగ్గర ఈ ఆట కోసం ఎనభైల్లో అచ్చయిన ఇంగ్లిషు సాహసాల పుస్తకాలు ఒక రేకు పెట్టె నిండా ఉన్నాయి. రేపల్లె మిషన్ బంగళా ఖాళీ చేసినప్పుడు బయటపడ్డాయవి. ఏ దొరగారి పిల్లలో వదిలేసి వెళ్ళి ఉంటారు. "నీకు పనికొస్తే తీసుకుపో నాయనా" అన్నారు పాస్టరుగారు. అప్పటికీ ఇప్పటికీ ఆట రూల్స్ చాలా మారాయి. ఆ పాత సాహసాలను కొత్త రూల్స్‌లోకి మార్చి, తెలుగులో రాసి, నెట్‌లో ఊరికే పెట్టడం ఎజ్రాకున్న ఒకే ఒక్క పిచ్చి. చివరి పేజీలో ప్రెస్ అడ్రసు వేయించింది మాత్రం ఇర్షాద్ భాయ్. వ్యాపారి బుద్ధి మరి.

ఎజ్రా ఆమె చేతిలోని కాగితాలు తీసుకుని చూశాడు. రాక్షసుడి కవచం ఎదురుగా రెండు అని ఉంది. అతని మొహం పాలిపోయింది.

"పాత రూల్స్‌లో అంకె ఎంత చిన్నదైతే కవచం అంత గట్టిదండి. కొత్త రూల్స్‌లో అది తిరగబడింది. ఇరవైలోంచి రెండు తీసేసి ఇక్కడ పద్దెనిమిది వెయ్యాలి. నేను పాత రెండే ఉంచేశాను."

"అంటే పాపం, చొక్కా కూడా తొడగకుండా పంపారన్నమాట."

"సారీ అండి."

"బయట పెట్టేముందు ఒకసారి ఆడి చూస్తారు కదా. మీవాళ్ళెవరూ పట్టుకోలేదా?"

ఎజ్రా మళ్ళీ పెళ్ళికార్డు మీదికి వంగాడు. ఇర్షాద్ భాయే చెప్పాడు. "వాడివాళ్ళు నలుగురూ వాడేనమ్మా."

అది నిజం. ప్రెస్ వెనక సందులో ఎజ్రా అద్దె గది. అందులో ఒక బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. కొన్నప్పుడు ఎవరైనా వస్తారనే కొన్నాడు. ఎవరూ రాలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, మొదటి కుర్చీలో కూర్చుంటే ఎజ్రా కత్తివీరుడు. రెండో కుర్చీలోకి మారితే వైద్యురాలు. మూడో దాంట్లో దొంగ, నాలుగో దాంట్లో మాంత్రికుడు. కథ చెప్పేటప్పుడు లేచి కిటికీ దగ్గర నిలబడేవాడు. ఒక్కడే ఆడేవాడు కాగితం మీద ఉన్నది చదవడు, మనసులో ఉన్నది చదువుకుంటాడు. అందుకే ఆ రెండు అతని కంట పడలేదు.

హెప్సిబా ఒక్క క్షణం అతన్ని అలా చూసింది. ఆ చూపులో కోపం లేదు, జాలీ లేదు. క్లాసులో చివరి బెంచీ కుర్రాడు తెలివైనవాడని ఆలస్యంగా కనిపెట్టిన టీచరు చూపు అది.

"ఇకనుంచి రాసింది ముందు నాకు పంపండి," అంది. "తప్పులు పట్టడంలో నాకు బాపట్లంతా పేరుంది."

అలా మొదలైంది. అతను రాసేవాడు, ఆమె యూత్ అమ్మాయిలతో ఆడించి ఫోన్ చేసేది. "మీ గుహలో నలుగురూ వెళ్ళేంత దారి లేదండి, ఒక్కడికే సరిపోతుంది." "మీ రాజుగారు ఎవరేమడిగినా ముందే తెలిసినట్టు మాట్లాడతాడేంటి?" ఎజ్రా నవ్వేవాడు. నవ్వాక, ఆ గదిలో తన నవ్వు వినబడి ఎన్నాళ్ళయిందోనని ఆశ్చర్యపడేవాడు.

రెండో శనివారాలు స్కూలు సెలవు. కొత్త పేజీల కోసం ఆమే తెనాలి వచ్చేది. పేజీలు ఫోన్లో పంపినా సరిపోతుందని ఇద్దరికీ తెలుసు. ఇర్షాద్ భాయ్‌కి ఇంకా బాగా తెలుసు. ఆమె వచ్చిన రోజు ప్రింటర్ పాడైందని చెప్పి గంటసేపు కూర్చోబెట్టేవాడు.

ఓ సాయంత్రం తెనాలి స్టేషన్లో బాపట్ల బండి కోసం నిలబడ్డారు. షెడ్డు మీద వాన మోత. ఆమె కొత్త పేజీలు తిరగేస్తోంది.

"ఈ పెట్టె తెరిస్తే సూది గుచ్చుకుంటుంది. పాత దాంట్లో వెంటనే చచ్చిపోతారా?"

"వెంటనేనండి. పాత రూల్స్‌లో దయాదాక్షిణ్యాలు లేవు."

"కొత్త దాంట్లో?"

"పడిపోతారు. చావరు. చావో బతుకో పాచిక తేలుస్తుంది, కొంచెం టైముంటుంది. ఈలోగా పక్కవాళ్ళెవరైనా వచ్చి చెయ్యేస్తే బతికినట్టే."

"పక్కన ఎవరూ లేకపోతే?"

"పాచికే దిక్కు."

హెప్సిబా పేజీ తిప్పడం ఆపింది. "మీరొక్కరే ఆడేటప్పుడు మీకెవరు చెయ్యేస్తారండి?"

"నేనే. రెండో కుర్చీలోకి మారి."

హాస్యంగా అందామనుకున్నాడు. అది హాస్యంగా రాలేదు. బండి వచ్చింది. ఎక్కబోతూ ఆమె వెనక్కి తిరిగి, "వచ్చే ఆదివారం మా ఇంటికి రండి. మనుషులతో ఆడుదురుగాని," అంది.

ఆ ఆదివారం ఎజ్రా ఇస్త్రీ చొక్కా వేసుకుని బాపట్లలో దిగాడు. చేతిలో స్వీట్ల పెట్టె, జేబులో పాచికలు. అసలు సంగతి అవి రెండూ కావు. ఈ పూట అడిగెయ్యాలని నిశ్చయించుకున్నాడు. ఆమె లేని ఆదివారం తనకిక వద్దు.

గేటు దగ్గరికి వెళ్ళేసరికి వరండాలోంచి మాటలు వినిపించాయి. హెప్సిబా వాళ్ళమ్మ కాంతమ్మ పక్కింటావిడతో అంటోంది.

"పొన్నూరు సంబంధం వదినా. అబ్బాయి బ్యాంకులో. వచ్చే ఆదివారం చూడ్డానికొస్తున్నారు. కుదరాలని ప్రార్థనలో పెట్టండి."

ఎజ్రా గేటు మీద వేసిన చెయ్యి తీసేశాడు. వచ్చిన దారినే స్టేషన్‌కి నడిచి, తెనాలి వైపు వచ్చిన మొదటి బండి ఎక్కాడు.

రైల్లో కూర్చుని అలవాటైన ఆటే ఆడాడు. తను అడుగుతాడు. ఆమె తల దించుకుంటుంది. "మీరు మంచివారండి, కానీ అమ్మ మాట కాదనలేను" అంటుంది. తను నవ్వి, "పర్లేదండి" అంటాడు. నిడుబ్రోలు వచ్చేసరికి ఎజ్రా అడగడమూ, హెప్సిబా కాదనడమూ, ఎజ్రా పెద్దమనసుతో తప్పుకోవడమూ అన్నీ అయిపోయాయి. పాపం, ఇందులో ఒక్క ముక్క కూడా హెప్సిబాకి తెలియదు. ఆమె ఇంట్లో బజ్జీల పిండి కలుపుతోంది.

'పొన్నూరు సంబంధం సంగతి తెలిసింది. సంతోషం. దేవుడు మిమ్మల్ని దీవించును గాక. ఇక ఫోన్ చేసి ఇబ్బంది పెట్టను' అని మెసేజ్ పెట్టాడు. వెంటనే ఫోన్ మోగింది. తియ్యలేదు. మళ్ళీ మోగింది. ఆఫ్ చేసి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాతి రోజులు చెప్పుకోవడానికేం లేవు. పెళ్ళికార్డులు కంపోజ్ చేశాడు. వరుడి పేరు, వధువు పేరు, విందు. ఇర్షాద్ భాయ్ నాలుగు మాటలు అడిగితే ఒక ముక్క చెప్పాడు.

ఆదివారం వచ్చింది. నాలుగు కుర్చీలూ అలాగే ఉన్నాయి. మొదటి దాంట్లో కూర్చున్నాడు. రెండో దాంట్లోకి మారి, వైద్యురాలి చేత హెప్సిబా గొంతుతో ఒక మాట అనిపించాలని చూశాడు. రాలేదు. ఆమె ఏమంటుందో అతనికి తట్టలేదు. ఎప్పుడు తట్టింది గనక! ఆమె ప్రతిసారీ అతను ఊహించనిదే అనేది. ఇన్నేళ్ళూ అతన్ని నిలబెట్టిన ఆట ఆ మధ్యాహ్నం పాచికల మోత తప్ప ఇంకేం ఇవ్వలేదు. ఎజ్రా బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు.

మరుసటి ఆదివారం పాత పుస్తకాలన్నీ రేకు పెట్టెలో సర్ది, మిషన్ వాళ్ళకే తిరిగి ఇచ్చేద్దామని రేపల్లె బండి ఎక్కాడు. బండి కదలబోతుండగా ఎవరో పరుగున వచ్చి ఎక్కారు. రొప్పుతూ వచ్చి ఎదుటి సీట్లో కూర్చుంది హెప్సిబా.

"మీరా!"

"ప్రెస్‌కెళ్ళాను. రేపల్లె బండికెళ్ళాడు, ఉరుకమ్మా అన్నారు భాయ్." పెట్టెని చూసింది. "ఏంటిది? ఆట మానేస్తున్నారా?"

"పొన్నూరు వాళ్ళు..."

"వచ్చారు. ఉప్మా తిన్నారు. అబ్బాయి మంచివాడే. నాకు ఇష్టం లేదని ఆయనకే చెప్పాను. వెళ్ళారు. ఎందుకు వద్దన్నావే అని అమ్మ అడిగింది. ఏం చెప్పమంటారు? పక్కింటావిడ చూసిందట, నేను ఎదురుచూసిన మనిషి గేటు దాకా వచ్చి వెనక్కి పోయాడమ్మా అని చెప్పనా?"

"మీరు ఎటూ కాదంటారని..."

"అదుగో! మళ్ళీ!" పక్క సీట్లో పెద్దాయన కళ్ళు తెరిచాడు. హెప్సిబా గొంతు తగ్గించింది. "నా పాచిక మీరెలా వేస్తారండి? అడిగింది మీరే, కాదంది మీరే, బాధపడిందీ మీరే. నన్నెక్కడ ఆడనిచ్చారు? ఆ రోజు మీ మెసేజ్ చూశాక కూడా సాయంత్రం దాకా గేటు వైపు చూస్తూ కూర్చున్నానండి నేను."

వేమూరు వచ్చింది, వెళ్ళింది. ఎజ్రాకి చెప్పడానికి తయారుగా పెట్టుకున్న మాట ఒక్కటీ లేదు. ఆమె ఏమంటుందో తెలియదు. భయం వేసింది. ఆ భయంతోనే అడిగాడు.

"హెప్సిబా గారూ, నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె కిటికీలోంచి పొలాల వైపు చూస్తూ కూర్చుంది.

"పర్లేదండి, మీకు..." అని ఎజ్రా మొదలుపెట్టాడు.

"ఆగండి. ఇది నా వంతు."

ఆగాడు. భట్టిప్రోలు దాటింది. అంతసేపు నోరు మూసుకుని ఒక మనిషి కోసం ఎదురుచూడటం అతనికి అదే మొదలు. పెద్దాయన కూడా నిద్ర మానుకుని వింటున్నాడు.

రేపల్లెలో బండి ఆగింది. ఆ పట్టాలకి అదే ఆఖరి స్టేషను. హెప్సిబా లేచి రేకు పెట్టెకి ఒకవైపు పట్టుకుంది.

"రెండోవైపు పట్టుకోండి. ఇదే బండికి వెనక్కెళ్ళిపోదాం. నేను సరేనన్నాను గానీ, అమ్మ అనాలిగా."

"మీరెప్పుడు సరేనన్నారు?"

"ఇప్పుడే. పెట్టె పట్టుకోండి, బరువుగా ఉంది."

"ఆఖరి స్టేషన్ దాకా వచ్చాకైనా తేల్చుకున్నారు బాబూ," అని పెద్దాయన దిగిపోయాడు.

కాంతమ్మ వారం తిరక్కుండా తెనాలి వచ్చింది. అల్లుణ్ణి కాదు, గదిని చూడ్డానికి వచ్చానంది. గోడలు చూసింది, గిన్నెలు చూసింది, నాలుగు కుర్చీలు చూసింది.

"ఒక్కడివే కదా బాబూ, ఇన్ని కుర్చీలెందుకు?"

"మనకోసమేనమ్మా, కూర్చో," అంది హెప్సిబా. ఇర్షాద్ భాయ్ టీ గ్లాసులతో వచ్చి ఒక కుర్చీ లాక్కున్నాడు. ఆట మొదలైంది. కథ హెప్సిబా చెప్తోంది. కాంతమ్మ చేతిలో వైద్యురాలి పాత్ర పెట్టారు. ఆమెకి పాచిక ఎటు పట్టుకోవాలో కూడా తెలియదు.

ఎజ్రా ఆడుతున్న కత్తివీరుడు పెట్టె తెరిచాడు. సూది గుచ్చుకుంది. పడిపోయాడు.

ఆలోచించకుండానే ఎజ్రా లేచి రెండో కుర్చీ వైపు అడుగు వేశాడు. హెప్సిబా అతని చొక్కా చెయ్యి పట్టి లాగింది.

"కూర్చోండి. ఆ కుర్చీలో మనిషుంది."

ఎజ్రా చూశాడు. ఉంది. మెల్లగా తన కుర్చీలో కూర్చున్నాడు.

"నేనేం చెయ్యాలే?" అంది కాంతమ్మ.

"పడిపోయాడమ్మా. నువ్వు చెయ్యేస్తే బతుకుతాడు."

కాంతమ్మకి ఆట తెలియదు. టీ గ్లాసు పక్కన పెట్టి, పైట సర్దుకుని, బల్ల మీదుగా వంగి ఎజ్రా తలమీద చెయ్యి పెట్టింది. ప్రార్థనలో పెట్టినట్టే కళ్ళు మూసుకుంది.

ఎవరూ నవ్వలేదు. ఎజ్రా తల వంచుకుని కదలకుండా కూర్చున్నాడు.