గాటు కింద రాగి

వేసవిలో ఇటలీలోని మా కాపువాలో మధ్యాహ్నం భోజనాలయ్యాక తలుపులన్నీ బిగించేస్తారు. అది చచ్చినవాళ్ళు తిరిగే వేళట. మా అమ్మ అలా అంటే నేను నవ్వేదాన్ని. నాకు పని బాగా సాగేది ఆ వేళలోనే. పాత నాణేలు చూసి అసలువో నకిలీవో చెప్పడం నా వృత్తి.

ఆ రోజు మా తమ్ముడు ప్రిస్కో దొడ్డిగుమ్మంలోంచి వచ్చాడు, గోళ్ళనిండా మట్టితో. దొంగచాటుగా పాత సమాధులు తవ్వుతాడు వెధవ. నా రాతిబల్ల మీద రోమన్ల కాలంనాటి వెండి నాణెం ఒకటి పెట్టాడు.

"తొందరగా చూడక్కా. తమ్మారో వచ్చేస్తున్నాడు. ఇది నకిలీదైతే నా చెయ్యి నరికేస్తానన్నాడు."

తమ్మారో ఊరికే అనే రకం కాదు. ఇలాంటి సరుకు కొనే రౌడీ. పోయినేడు మా వీధిలో ఒకడికి రెండు బొటనవేళ్ళూ తీసేశాడు.

నాణెం బల్ల మీద వేశాను. ఖంగుమంది. అంచు చూశాను, బరువు చూశాను. దేవత బొమ్మ మెడ కింద నెలవంకలా చిన్న గాటు. వెండి తొడుగు కింద రాగి దాచారేమోనని ఆ కాలంలో నాణేలు పరీక్షించే షరాబులు ఉలితో అలా పొడిచి చూసేవాళ్ళు. గాటు అడుగుదాకా వెండే.

"అసలుదేరా! బతికిపోయావు. ఎక్కడిది?"

"ఒక షరాబు సమాధిలోదక్కా. పక్కనే త్రాసు, ఉలి, సుత్తి. ఇది వాడి నోట్లో ఉంది."

తవ్వేవాళ్ళకు మా దగ్గర ఒక కట్టుబాటుంది. పరలోకపు ఏరు దాటించే పడవవాడికి కూలిగా శవం నోట్లో పెట్టిన నాణెం తీస్తే, బదులు ఇంకొకటి పెట్టాలి.

"పెట్టావా, వాడి నోట్లో మట్టికొట్టి వచ్చావా?"

"అబ్బే, పెట్టాను. నీ సొరుగులో ఉండేదే, ఆ రాగి నకిలీది."

"షరాబుకి నకిలీ ఇస్తావురా తలమాసినోడా!"

"చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. వీడికసలు కళ్ళే లేవక్కా!" అని పకపకా నవ్వాడు.

ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

బల్ల మీద టప్‌మని చప్పుడు... పగిలిన కుండ మీద కొట్టినట్టు. నకిలీ నాణెం అలాగే మోగుతుంది. బల్ల మీద అలాంటిదేమీ లేదు. తడిమట్టి వాసన గదంతా కమ్ముకుంది.

"అక్కా..." గుసగుసగా అన్నాడు. "నా వెనకాల ఎవరు?"

ఎవరూ లేరు. సుత్తి దెబ్బ వినబడింది. వాడి చెంప మీద నెలవంక గాటు పడి నెత్తురు చిమ్మింది. ఇంకో దెబ్బ... మెడ. ఇంకోటి... భుజం. పొట్ట. వాడు నేలమీద గిలగిలా కొట్టుకుంటూ నా కాళ్ళు పట్టుకున్నాడు.

"ఇదిగో నీది! తీసుకో! వాణ్ణి వదిలెయ్!" అని అరుస్తూ అసలు నాణెం గాల్లోకి విసిరాను.

అది కింద పడలేదు.

దెబ్బలు ఆగలేదు. ఆఖరిది ఛాతీ మీద... లోతుగా. తర్వాత అంతా నిశ్శబ్దం... ఎవరో వంగి, ఆ గాటులోకి చూస్తున్నట్టు.

తమ్మారో తలుపు తోసుకొచ్చి, చూసి, శిలువ గుర్తు వేసుకుని పారిపోయాడు. అంత రౌడీ!

శవానికి స్నానం నేనే చేయించాను. నా తమ్ముణ్ణి పరాయివాళ్ళ చేతుల్లో పెట్టలేకపోయాను. నెత్తురు కడిగి, ఛాతీ మీది గాటును వేళ్ళతో విడదీసి చూశాను. ఎముక ఉండాల్సిన చోట ఎర్రగా... రాగి మెరిసింది.

మేమిద్దరం ఒక తల్లి బిడ్డలం. ఆ సొరుగు నాది, ఆ నకిలీ కూడా నాదే. నిన్న మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి నా మణికట్టు మీద నెలవంక గాటు ఉంది. పైపైనే. ఇంకా లోపలికి దిగలేదు.