‘పది మెట్లు’లో బోసి నుదురు

“బొట్టు లేదు.”

“ఉందమ్మా. వీడియో పాతది, అందుకని కనపడటం లేదు.”

“పాతది వీడియోరా శశీ, నా కళ్ళు కాదు. లేదంటే లేదు.”

గుంటూరు బ్రాడీపేటలోని ఆ ఇంట్లో ఇడ్లీలు చల్లారిపోతున్నాయి. టీవీ ముందు తల్లీ కొడుకూ తగువు పడుతున్నారు. తల్లి శ్యామలాంబ ఎనభై దాటిన మనిషి. కొడుకు శశిభూషణ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాడు. టీవీలో నడుస్తున్నది ‘పది మెట్లు’. తొంభైల్లో ప్రతి శుక్రవారం సాయంత్రం వచ్చిన పాటల కార్యక్రమం. ప్రేక్షకుల ఓట్లను బట్టి ఆ వారం పాటలను పదో మెట్టు నుంచి ఒకటో మెట్టు దాకా ఎక్కించేవారు. ఆ పాత ఎపిసోడ్లను ఎవరో ఈ మధ్య యూట్యూబులో పెడుతున్నారు. శ్యామలాంబ రోజూ టిఫినుతో పాటు ఒకటి చూస్తుంది. కొడుకు ఫోన్లోంచి టీవీకి పెట్టిస్తాడు.

“చివరి వారాల్లో ఈ అమ్మాయి బొట్టు మానేసింది. నేను కార్డు కూడా రాశాను,” అంది శ్యామలాంబ.

“నువ్వు? టీవీకి?”

“మీ నాన్న పోయిన ఏడు. ఈ పిల్ల చదివింది కూడా. దుర్గా! ఇలా వచ్చి చెప్పు. ఉందా, లేదా?”

కోడలు శ్రీదుర్గ కొబ్బరి పచ్చడి గిన్నెతో వంటింట్లోంచి వచ్చింది. టీవీ వంక చూసింది. గిన్నెను చాలా నెమ్మదిగా బల్ల మీద పెట్టింది.

“లేదు అత్తయ్యా.”

ఆ ఇంట్లో శ్రీదుర్గ వంట చేస్తుంది, బట్టలు మడత పెడుతుంది, ‘జానకిరామ్ శారీస్’ అనే నంబరుతో తరచు మాట్లాడుతుంది. ఆ నంబరులో చీరలు దొరకవు. అది గుమ్మానికి బోర్డు లేని ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసుది. అక్కడ ఆమె పేరు ఏజెంట్ తొడిమ. పెళ్ళికి ముందు ఫీల్డులో పనిచేసింది. ఇప్పుడు ఇంట్లోనే కోడ్లు విప్పుతుంది.

నిన్న తెల్లవారుతూనే ఆ నంబరు మోగింది. చీఫ్ జానకిరామయ్య.

“కొత్త స్టాకు వచ్చిందమ్మా. ఏ ఊరి నేతో చెప్పు.”

వాట్సాపులో వచ్చింది పది పాటల పేర్లు, వరసగా. అంతే. ఒకప్పుడు ఒక విదేశీ ముఠా తన మనుషులకు ‘పది మెట్లు’ ద్వారానే కబుర్లు పంపేది. ఏ పాట ఏ మెట్టు మీద నిలబడిందన్నదే సంకేతం. శ్రీదుర్గ పప్పు రుబ్బుతూనే దాన్ని విప్పింది.

“దర్శి నేత సార్. మిరప గోడౌన్.”

“ఆయుధాలు దింపుతున్నారన్నమాట. పాత కోడ్ మళ్ళీ వాడుతున్నారంటే అది మనకి తెలియదనే వాళ్ళ ధీమా.”

“లేకపోతే మనకి తెలుసని తెలిసే వాడుతున్నారేమో సార్.”

“నీకెప్పుడూ అనుమానమే. ముఠా నాయకుడి ముఖం చూసిన ఏజెంటు మనకి ఒక్కతే ఉంది. స్తుతి. ఆమె ఇవాళ రాత్రికి దర్శి చేరుతుంది. కూలీ వేషం, మూతికి గుడ్డ. రేపు ఉదయమే లోపలికి వెళ్తుంది.”

ఇప్పుడు టీవీలో పాటల మధ్య నవ్వుతున్న ఆ యాంకర్ షారోన్. పెదకాకాని పిల్ల. మెరుపు చీర, చెవులకు పెద్ద రింగులు, రాష్ట్రమంతా తిరిగి చూసిన అందం. ముఠా జీతం తీసుకుంటూ ఆఫీసుకు పనిచేసిన డబుల్ ఏజెంట్. ఆమె అన్న మార్క్ కూడా ఏజెంటే. చివరి ఎపిసోడ్ వచ్చిన వారమే దర్శిలో ఒక గోడౌన్ పేలి మార్క్ చనిపోయాడు. షారోన్ మాయమైంది. చెల్లెలే అన్నను అమ్మేసిందని ఆఫీసు ఫైలు మూసింది. మార్క్ కూతురు అప్పటికి ఇంకా నడక రాని పిల్ల.

ఆ పిల్లే స్తుతి.

“వినండి, వినండి! నా కార్డే!” అంది శ్యామలాంబ.

టీవీలో షారోన్ ఒక పోస్టుకార్డు పట్టుకుని చదువుతోంది. “గుంటూరు నుంచి శ్యామలాంబగారు రాశారండీ. ‘అమ్మాయీ, బొట్టు పెట్టుకునే రాత ఉన్నదానివి. బోసి నుదురుతో కనపడకు తల్లీ’ అని.” ఆమె కార్డు దించి కెమెరాలోకి చూసింది. నవ్వు అలాగే ఉంది. కళ్ళు మాత్రం నవ్వడం లేదు. “నా నుదురు చూసేవాళ్ళున్నారన్నమాట. చాలా సంతోషం పిన్నిగారూ. మీ ఇంట్లో మగవాళ్ళు కూడా ఒకసారి చూస్తే బావుండును.”

శ్రీదుర్గకు మార్క్ మాట గుర్తొచ్చింది. ఆఫీసు క్యాంటీన్లో టీ తాగుతూ నవ్వుతూ అన్న మాట. మా అమ్మ కొండమ్మ మమ్మల్ని బొట్టు ముట్టుకోనివ్వదు. టీవీ వాళ్ళు మా చెల్లికి బలవంతంగా స్టిక్కరు అంటిస్తారు. అది ఏమంటుందో తెలుసా? అన్నయ్యా, నుదుటి మీద అబద్ధం ఉంటే నా నోట్లో నిజం ఉన్నట్టు. నుదురు నిజంగా ఉంటే ఆ వారం నా నోరు అబద్ధమాడుతున్నట్టు.

ఫైలు మూసేముందు ఆఫీసు ఆ చివరి ఎపిసోడ్‌ను తిప్పి తిప్పి విన్నది. విన్నది మాత్రమే. టేప్‌రికార్డర్‌లో పాటల వరస వస్తే చాలనుకున్నారు. బొమ్మ ఎవరూ చూడలేదు. నిన్న కూడా టీవీలోని ఈ పాటల పేర్లే ఆమెకు పంపారు, బొమ్మ కాదు.

రాష్ట్రంలోని ముసలమ్మలందరికీ చేరిన హెచ్చరిక ఆఫీసుకు చేరలేదు.

ఆమె ఫోన్ తీసింది. “సార్, ఆ చీర రంగు పోతుంది.”

“ఏమిటమ్మా?”

“కోడ్ అబద్ధం. వల. యూట్యూబులో ఆ ఎపిసోడే ఏరి పెట్టేది షారోన్ ఒక్కతే. బతికే ఉంది. బొట్టు లేదు సార్.”

“బొట్టు సంగతి మార్క్ చెప్పాడు,” అన్నాడు జానకిరామయ్య. “మేం నవ్వుకున్నాం. ఎవరో అన్నారు కూడా, ఈ మధ్య పెట్టుకోవడం లేదని. ఈస్టరు ముందు శ్రమదినాలు కదా, క్రైస్తవుల పిల్ల, తీసేసి ఉంటుందిలే అన్నాను నేనే.”

“స్తుతిని ఆపండి.”

“ఫోన్ ఆపేసింది. చెవి కమ్మలో మైకు ఉంది. మనం వినగలం, మాట్లాడలేం. నీకు కలుపుతున్నాను.”

శ్రీదుర్గ ఫోన్లో దర్శి వినపడింది. ఆడవాళ్ళ నవ్వులు, తుమ్ములు, షట్టరు ఎత్తుతున్న చప్పుడు.

“ఏమండీ, మీ ఫోన్ ఇవ్వండి.”

“పాట సగంలో…”

“ఇవ్వండి!”

ఆమె వీడియో ఆపింది. టీవీ తెర మీద షారోన్ ముఖం అలాగే నిలిచిపోయింది. శ్రీదుర్గ గుర్తున్న నంబరు కొట్టింది. దర్శి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి గోడౌన్లకు కూలీలను తెచ్చే మేస్త్రి కరీమున్. స్తుతిని పెదకాకాని నుంచి పనికోసం వచ్చిన పిల్లగా ఆమె దగ్గర చేర్చింది శ్రీదుర్గే. అంతకు మించి కరీమున్‌కు ఏమీ తెలియదు.

“ఎవురూ? దుర్గమ్మా! చెప్పండమ్మా. ఘాటుకి చస్తన్నాం ఇక్కడ.”

“కరీమున్నా, నేను పంపిన పిల్ల ఏది?”

“ఇదిగో, షట్టరు కాడ. లోపల రంగుపోయిన తాలు కాయలు ఏరాలంట. అందరం పోతన్నాం.”

బాంబు ఉందంటే కరీమున్ నమ్మదు. నమ్మితే అరుస్తుంది. అరిస్తే ఎక్కడో కూర్చుని చూస్తున్నవాడు బటన్ నొక్కుతాడు. వాడికి అనుమానం రాకుండా ఆ ఆడవాళ్ళందరినీ కదిలించే మాట ఒక్కటే ఉంది.

“ఆ పిల్లకి చావు కబురమ్మా,” అంది శ్రీదుర్గ. “వాళ్ళ మేనత్త పోయింది. ఇప్పుడే తెలిసింది.”

“అయ్యో అల్లా!”

శ్రీదుర్గ సొంత ఫోన్లో, స్తుతి మైకు మీదుగా, కరీమున్ గొంతు దగ్గరగా వచ్చింది. “ఒసే పిల్లా, తట్ట కింద పెట్టు. మీ మేనత్త పోయిందంట.”

“మేనత్తా? నాకా?”

“మీ నాయన తోడబుట్టింది. దుర్గమ్మ చెప్పింది.”

స్తుతికి ఉన్నది ఒక్క మేనత్త. ఆ ఇంట్లో ఎవరూ పేరెత్తని మేనత్త. ఆమె చావు కబురు ఇప్పుడు ఎందుకు పంపారో స్తుతికి అర్థమవడానికి ఒక ఊపిరి పట్టింది. తర్వాత ఆమె కూలబడి శోకం పెట్టింది.

చావు కబురు విన్న ఆడదాన్ని ఒంటరిగా బస్సెక్కించే అలవాటు ఆ ఊళ్ళలో లేదు. తట్టలు దబదబా కింద పడ్డాయి. నలుగురు ఆమెను లేపి పట్టుకున్నారు. మిగిలినవాళ్ళు శోకం అందుకుంటూ వెనక నడిచారు.

“ఏయ్! ఎక్కడికే అందరూ? కూలి తెగ్గోస్తా!” మగ గొంతు.

“కోసుకోరా! చావు కంటే నీ తాలు ఎక్కువా? నీకు అత్తలు లేరంట్రా? ఏడవడం రాకపోతే దారి తప్పుకో, లేదా నువ్వూ రా!” కరీమున్ గొంతు.

వాడు కూడా రెండడుగులు వెంట వచ్చినట్టుంది. ఏడుపులు గేటు దాటి రోడ్డెక్కాయి.

అప్పుడు ఫోన్లో పెద్ద చప్పుడు.

ఆ తర్వాత ఏమీ లేదు. శ్యామలాంబ కోడలి చెయ్యి పట్టుకుంది.

తర్వాత ఒక దగ్గు. ఇంకో దగ్గు. తర్వాత అందరూ. గోడౌన్లో తగలబడుతున్న మిరప టిక్కీ బస్తాల పొగకు దగ్గుతున్నారు. దగ్గుతున్నారంటే బతికున్నారు.

ఆ గాలికి ఎదురుగా, రోడ్డుకు అవతల కారులో కూర్చుని బటన్ నొక్కిన ముఠా నాయకుడు కూడా దగ్గుతున్నాడు. కళ్ళు తెరవలేక తలుపు తీసుకుని రోడ్డు మీద పడ్డాడు. శోకం పెడుతున్న కూలిపిల్లే వచ్చి అతని చేతులకు బేడీలు వేసింది. దేశదేశాల పోలీసులకు దొరకనివాడు గుంటూరు మిరపకు దొరికాడు.

కానీ పడేముందు, వేటను తప్పించింది ఎవరో ఊహించి, అతను ఒక ఫోన్ చేశాడు. కనిగిరికి.

మధ్యాహ్నం జానకిరామయ్య ఫోన్ చేసినప్పుడు చీరల మాట ఎత్తలేదు.

“కనిగిరిలో కొండ కింద అద్దె ఇల్లు. షారోన్ వేరే పేరుతో ఉంటోంది. మనవాళ్ళు వెళ్ళేసరికే అయిపోయింది.”

“అక్కడేముంది సార్?”

“కంప్యూటరు, పాత టేపులు. మానిటర్ అంచుకి ఒక స్టిక్కర్ బొట్టు అంటించి ఉంది. తీసి పెట్టినట్టు.” ఫైలు తిప్పిన చప్పుడు వినపడింది. “రేపు పెదకాకానిలో భూస్థాపన. వాళ్ళ అన్న పక్కనే. కానీ ఫైల్లో ఆమె ఇప్పటికీ ద్రోహి. ఆఫీసు తరఫున ఎవరూ వెళ్ళకూడదని పైనుంచి ఆర్డరు.”

సాయంత్రం స్తుతి ఫోన్ చేసింది. ఘాటుకు గొంతు బొంగురుపోయింది.

“ఆంటీ, ఆ కబురు మీరే పుట్టించారు కదా?”

“అవునమ్మా.”

“అప్పటికి ఆవిడ బతికే ఉందా?”

“ఉంది.”

“నేను రోడ్డు మీద గుండెలు బాదుకుని ఏడిచాను ఆంటీ. అంతా నటనే. ఇప్పుడు నిజంగా ఏడుద్దామంటే రావట్లేదు.”

స్తుతి ఫోన్ పెట్టేశాక శ్రీదుర్గ బీరకాయలు తరగడానికి కూర్చుంది.

రాత్రి ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. బీరకాయ కూర, చారు. టీవీ ఆపే ఉంది. శశిభూషణ్ అన్నం కలుపుతూ అన్నాడు.

“అయితే చీరలు కాదన్నమాట.”

“కాదండీ.”

“పాతికేళ్ళ నుంచి ఒక్క చీరా కొననిది అందుకేనా అని.”

ఆమె నవ్వబోయింది, కుదరలేదు. నెయ్యి గిన్నె అత్తగారి వైపు జరిపి చెప్పింది.

“రేపు పెదకాకాని వెళ్తున్నాను. ఆ అమ్మాయి తల్లి కొండమ్మగారు బతికే ఉన్నారు. కూతురే కొడుకుని చంపించిందని విని ఇన్నేళ్ళు బతికిన మనిషి. ఆవిడ పక్కన కూర్చుని, కూతురు ఏం చేసిందో అందరి ముందూ చెప్తాను.”

“వెళ్ళకూడదన్నారుగా? ఉద్యోగం?”

“పోతే పోతుంది.”

శ్యామలాంబ చెయ్యి కంచంలోనే ఆగింది. “నేనూ వస్తాను.”

“అమ్మా, వాళ్ళ సమాధుల తోటకి నువ్వెలా వస్తావు? అందరూ నిన్నే చూస్తారు.”

“నా కార్డు చదివిందిరా ఆ పిల్ల. పిన్నిగారూ అంది.” శ్యామలాంబ ఎడమ చేత్తో బోసి నుదురు తుడుచుకుంది. “నన్నెవరు చూస్తారు? బొట్టు లేని ముసలిదాన్ని, వాళ్ళలో కలిసిపోతాను. నా కోడలిలాగా మారువేషం కూడా అక్కర్లేదని మీ నాన్న ఫోటోకి చెప్పి వస్తాలే.”